పిలిస్తే వచ్చే గుణము



మన పల్లెల్లో కుక్కకు శిక్షణ అనే మాట పెద్దగా వినబడదు. అది అరుగు క్రింద పడుకుంటుంది, మిగిలిన అన్నము తింటుంది, కొత్తవారు వస్తే మొరుగుతుంది, అంతే. అయితే ఈ మధ్య మన సంఘములలో కొన్ని కుటుంబములు పట్టణము నుండి జాతి కుక్కపిల్లలను తెచ్చుకొనుచున్నవి. "అయ్యగారూ, ఇది ఎంత చెప్పినా వినదు" అని వారు మమ్మును అడుగుచున్నారు. గనుక మా ఇంట పెరిగిన డాషండ్ కుక్కపిల్లను గూర్చి నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

డాషండ్‌కు కాళ్ళు పొట్టి, నడుము పొడవు, పట్టుదల బహు ఎక్కువ. దీని పుట్టిల్లు జర్మనీ దేశము. అక్కడ నేలలో బొరియలు త్రవ్వుకొని ఉండే బ్యాడ్జర్ అను జంతువును వేటాడుటకు ఈ జాతిని పెంచిరి. జర్మన్ భాషలో దాని పేరునకు బ్యాడ్జర్ కుక్క అనియే అర్థము. బొరియలో చీకటి. యజమాని చెయ్యి కనబడదు, మాట వినబడదు. ముందుకు పోవాలో వెనుకకు రావాలో అదే తేల్చుకోవాలి. అట్టి పనికి తగిన ధైర్యముగల పిల్లలనే తరతరములుగా ఏరి పెంచిరి. కాబట్టి మనము మొండితనము అని విసుగుకొనేది దానికి వచ్చిన వరమే. దానిని విరుగగొట్టుట కాదు, దారిలో పెట్టుటయే మన పని.

మేము పాటించిన పద్ధతులు కష్టమైనవి కావు. నిద్ర లేచిన వెంటనే, తిన్న తరువాత, ఆడిన తరువాత పిల్లను పెరట్లోనికి తీసుకొనిపోయి, అక్కడ పని ముగించగానే మెచ్చుకొంటిమి. ఇంట్లో తడిపితే తుడిచివేసితిమి గాని, దాని మూతిని అందులో రాయలేదు. జరిగిపోయిన దానికి ఇప్పుడు దెబ్బ ఎందుకు పడినదో దానికి తెలియదు. మనుష్యులు వచ్చుచున్నారని మాత్రము భయపడుట నేర్చుకుంటుంది. పాఠము ఐదు నిమిషములకు మించలేదు. ఇంట్లో అందరము ఒకే మాట వాడితిమి. ఒకరు "రా" అని, మరొకరు "ఇటు" అని, పిల్లలు ఇంకొకటి అంటే అది ఎవరి మాటా వినదు. మూడు వారముల నుండి సుమారు పద్నాలుగు వారముల వయస్సు వరకు చూచిన మనుష్యులకు, శబ్దములకు కుక్కపిల్ల సులువుగా అలవాటు పడుతుంది. గనుక ఆ దినములలోనే పసిపిల్లలను, ముసలివారిని, ఎద్దులబండిని, ఆరాధనలోని డోలు శబ్దమును దానికి పరిచయము చేసితిమి.

ఐదవ నెలలో ఒక దినము, అది ఎముక కొరుకుచుండగా మా చిన్నవాడు దగ్గరకు వెళ్ళినప్పుడు పళ్ళు చూపి గుర్రుమన్నది. ఇది చిన్న సంగతి కాదు. ఇంట్లో బిడ్డలుండగా అట్టి కుక్కను ఉంచవచ్చునా అని ఆ రాత్రి మేము చాలాసేపు మాట్లాడుకొంటిమి. "నాలుగు తగిలించండి, లేదా ఊరి బయట వదలండి" అని కొందరు పెద్దలు చెప్పిరి. అయితే గుర్రుమనుట హెచ్చరిక. కొట్టి దానిని మానిపిస్తే, కుక్క హెచ్చరిక లేకుండానే కరచుట నేర్చుకొనవచ్చును. అది తినుచున్నంతసేపు బిడ్డలను దూరముగా ఉంచితిమి. పెద్దవారము మాత్రమే, అది చూచుచుండగా, కొంత దూరము నుండి గిన్నె వైపు కోడిగ్రుడ్డు ముక్క వేసి వెళ్ళిపోతిమి. దినదినము ఒక అడుగు దగ్గరైతిమి. మనిషి వచ్చేది తీసుకొనుటకు కాదు, ఇచ్చుటకే అని దానికి అర్థమగుటకు రెండు నెలలు పట్టినది.

అన్నిటికంటె ముఖ్యమైన పాఠము పిలిస్తే వచ్చుట. దీనికి ఒకటే నియమము: శిక్షించుటకు ఎన్నడును పేరు పెట్టి పిలువకూడదు. వచ్చిన ప్రతిసారి మంచి మాటయో, చిన్న ముక్కయో దొరకవలెను.

మా సంఘములో ఒక రైతు సహోదరుడు ఒక సాయంత్రము ఇది చూచి ఊరకుండి, చివరకు ఇట్లనెను: "అయ్యగారూ, మీ కుక్కను పిలిస్తే తోకాడించుకుంటా వస్తాది. నా కొడుకును పిలిస్తే దొడ్డిదారిన పోతాడు." ఆ మాటకు మేము వెంటనే ఏ బోధయు చేయలేకపోతిమి. తరువాత అడిగితే, కుమారుని పేరు తన నోట తిట్టుతో తప్ప వచ్చి చాలా కాలమైనదని ఆయనే చెప్పెను. ఆ వారము నుండి అన్నము వేళ మాత్రమే, తినుటకు మాత్రమే పిలుచుట మొదలుపెట్టెను. మొదట ఆ అబ్బాయి రాలేదు. పంట కోతల నాటికి ఇద్దరు కలిసి పొలము వెళ్ళుట మేము చూచితిమి.

ఆదికాండము మూడవ అధ్యాయములో, తప్పు చేసి దాగుకొనిన ఆదామును దేవుడే వెదకి పిలిచెను. శిక్ష లేకపోలేదు. అయినను ఆ దినముననే వారికి వస్త్రములు చేసి తొడిగించెను. క్రమశిక్షణ అంటే అదియే గదా. తప్పును తప్పనుట, అయినను తలుపు మూయకుండుట.

కుక్కను పెంచే కుటుంబములు మరికొన్ని సంగతులు మరువవద్దు. డాషండ్‌కు వెన్నెముక సున్నితము. మంచము మీద నుండి దూకనియ్యవద్దు, లావెక్కనియ్యవద్దు, ఎత్తునప్పుడు ఛాతీ క్రింద ఒక చెయ్యి, వెనుక భాగము క్రింద ఒక చెయ్యి పెట్టండి. ఉల్లిపాయ వేసిన కూర, చాక్లెట్, ద్రాక్షపండ్లు దానికి హాని. పశువుల డాక్టరుగారు చెప్పిన ప్రకారము రేబీస్ టీకా వేయించండి. ఏ కుక్క కరచినను, గీరినను గాయమును సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషములు కడిగి, ఆ దినమే ఆసుపత్రికి వెళ్ళండి. పసుపు, కారము, సున్నము పెట్టవద్దు. రేబీస్ లక్షణములు కనబడిన తరువాత బ్రదుకుట దాదాపు అసాధ్యము.

కుక్క కరచిన సంగతిని దెబ్బలకు భయపడి దాచే బిడ్డలు మన పల్లెల్లో ఉన్నారు. అట్టి భయము ప్రాణము తీయగలదు. మన బిడ్డలు తప్పు చేసినను, గాయపడినను ముందుగా మన యొద్దకే పరుగెత్తి వచ్చునట్లు మన పిలుపు ఉండునుగాక. అట్టి కృప ప్రభువు మన గృహములన్నిటికి దయచేయును గాక. ఆమేన్.