నాన్న బుల్లెట్‌కి కొత్త క్యామ్

నాన్న కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350 ఇప్పుడు నా చేతికొచ్చింది. 346 సీసీ, 18 హార్స్‌పవర్. హైవే మీద స్కూటర్లు కూడా దాటిపోతుంటే పౌరుషం వచ్చి ఆన్‌లైన్‌లో పెర్ఫార్మెన్స్ క్యామ్‌లు ఆర్డర్ పెట్టేశా. ఈ ఇంజిన్‌లో ఇన్‌లెట్‌కి ఒకటి, ఎగ్జాస్ట్‌కి ఒకటి ఉంటాయి. ఉన్నవాటిలో లిఫ్ట్, డ్యూరేషన్ ఎక్కువున్న జతే తీసుకున్నా. నంబర్ పెద్దదైతే మంచిదే కదా అనుకున్నా!

మెకానిక్ అన్న డబ్బా చూసి నవ్వాడు. "స్ప్రింగులేవి తమ్మీ? క్యామ్ ఒక్కటే మారిస్తే ఏమైతది?"

హెడ్ విప్పి చూపించాడు. వాల్వు మరీ కిందికి దిగితే పాత స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి తగిలేస్తాయి. అప్పుడు పుష్‌రాడ్ వంగుతుంది. స్ప్రింగు బలం చాలకపోతే ఎక్కువ ఆర్‌పీఎంలో వాల్వు టైముకి మూసుకోదు, పిస్టన్ తగలొచ్చు. పిస్టన్ మీద క్లే ముద్ద పెట్టి, హెడ్ మళ్లీ బిగించి, ఇంజిన్‌ని చేత్తో తిప్పాడు. విప్పి, నొక్కుకున్న చోట మందం కొలిచాడు. అది సరిపోయింది, స్ప్రింగులే చాలలేదు.

నాకు గుచ్చుకున్నది మాత్రం వేరే. డ్యూరేషన్ పెరిగితే పవర్ పై ఆర్‌పీఎంకి జరుగుతుంది, కింద లాగుడు తగ్గుతుంది. నేను రోజూ తిరిగేదేమో సిగ్నళ్ల మధ్య! ఆ క్యామ్‌లు వాపసు పంపి, మైల్డ్‌వి, వాటికి సరిపడే స్ప్రింగులతో సహా తెప్పించా. ఇంజిన్ చల్లగా ఉండగా పుష్‌రాడ్లు వేళ్లతో తేలిగ్గా తిరిగేలా, పైకీ కిందికీ ఆడకుండా సర్దాడు అన్న.

ఇంటి గేటు ముందు ఆపా. ఐడిల్‌లో ఆ పాత డగ్ డగ్ కాస్త తొట్రుపడుతోంది. లోపల నాన్న అమ్మతో అంటున్నారు, "ఎవరో వచ్చినట్టున్నారు, చూడు."

పాత క్యామ్‌లకి నూనె రాసి, బట్టలో చుట్టి బీరువాలో పెట్టా.