నైలాను మీద పేరు

మా చిన్నతనంలో వీధి చివర బండి పెట్టుకొని ఇస్త్రీ చేసే ముసలాయన ఒకడుండేవాడు. పెట్టెలో బొగ్గులు రాజుకొన్నాక వేలు నీళ్ళలో ముంచి అడుగుపలక మీద చిలకరించేవాడు. చుయ్యిమన్న చప్పుడును బట్టి, ఆ వేడి ధోవతికి తగునో, చొక్కాకు తగునో నిర్ణయించేవాడు. ఉష్ణమాపకం ఆయన చెవిలోనే ఉండేది. నైలెక్సు చీర ఇస్తే మాత్రం రెండు చేతులతో తిరిగి ఇచ్చేసేవాడు. “ఇది నా వల్ల కాదమ్మా, పెట్టె తగిలిందంటే పాకమై కూర్చుంటుంది” అనేవాడు.

ఆయన వద్దన్న పనితోనే ఇరవై ఏళ్ళుగా నాకు పూట గడుస్తున్నది. ఏలూరులో నాదొక చిన్న దుకాణం. ఆటగాళ్ళ బనీనుల మీద పేర్లు, అంకెలు, జట్టు గుర్తులు వేడితో అంటించడం నా వృత్తి. సంక్రాంతి ముందు కబడ్డీ జట్లు, వేసవిలో క్రికెట్టు కుర్రాళ్ళు, డిసెంబరులో పాఠశాలల వారు వస్తారు. బనీనులు తిరుపూరు నుండో, లూధియానా నుండో, మీరట్ నుండో వస్తాయి. వాటికి పేరు పెట్టేది మాత్రం మా బోంట్లమే.

యంత్రం చూడడానికి అతి సాధారణం. కింద మెత్తని రబ్బరు పరచిన పీఠం, పైన విద్యుత్తుతో వేడెక్కే ఇనుప పలక, పిడి లాగితే రెండూ కలిసే అమరిక, అంతే. అక్షరాన్ని పలుచని ప్లాస్టిక్ పొర నుండి కత్తిరిస్తాము. ఆ పొర వెనుక జిగురు ఉంటుంది. వేడికి కరిగి గుడ్డ పోగుల సందుల్లోకి పాకుతుంది, చల్లారాక పట్టుకొంటుంది. నూలు బనీను మహా ఓర్పు గలది. 150, 160 డిగ్రీల వేడిని పదిహేను సెకన్లపాటు కిమ్మనకుండా భరిస్తుంది. తొందరపాటు వాడు కూడా నూలు మీద నెగ్గుకు రాగలడు.

పాలియెస్టరు తత్త్వం వేరు. ఈనాటి ఆటల దుస్తుల్లో అత్యధిక భాగం అదే; చెమటను పీల్చి దాచుకోదు, త్వరగా ఆరుతుంది. కాని దానికి వేసే రంగులు వేడెక్కితే ఆవిరిగా మారే జాతివి. ఈ గుణాన్నే ఉపయోగించుకొని, కాగితం మీది బొమ్మను ఆవిరి రూపంలో గుడ్డలోకి పంపే ముద్రణ పద్ధతి ఒకటి ఉన్నది. అదే గుణం మా పాలిట శత్రువు కూడా. ఎర్ర బనీను మీద తెల్లని అంకె చక్కగా అంటిస్తాము. వేడి హెచ్చితే లోపలి ఎరుపు కదిలి తెలుపులోకి ఎగబాకుతుంది. సాయంత్రం మల్లెపూవులా ఉన్న అంకె మర్నాటికి గులాబి రంగు తిరుగుతుంది. కనుక వేడి తగ్గించాలి, రంగును అడ్డగించే నల్లని లోపొర గల సరుకు వాడాలి.

ఇక నైలాను. అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో కెరోథర్స్ అనే రసాయనవేత్త 1935లో దీనిని సాధించాడు. 1938లో లోకానికి ప్రకటించారు. చిత్రమేమంటే, అదే సంస్థకు చెందిన ప్లంకెట్ టెఫ్లానును అనుకోకుండా కనుగొన్నది కూడా 1938లోనే. నా యంత్రంలో వేడిపలకకూ బట్టకూ మధ్య పరిచేది టెఫ్లాను గుడ్డ. ఒకే ఇంట పుట్టిన ఆ రెండూ నా బల్ల మీద దినదినమూ కలుసుకొంటూ ఉంటాయి. ఒకటి దేనికీ అంటుకోదు. రెండవదానికి ఏదీ ఒక పట్టాన అంటదు!

నైలానులో ఒక రకం సుమారు 220 డిగ్రీల వద్ద, మరొకటి 260 దాటాక కరుగుతాయి. అయితే పలుచని గుడ్డ అంతదాకా ఆగదు. చాలా ముందే మెత్తబడి ముడుచుకొంటుంది. పైగా పాలియెస్టరు కంటె ఎన్నో రెట్లు తేమను పీల్చుకొని ఉంటుంది. అందుచేత ముందుగా రెండు మూడు సెకన్లు ఉత్తగా నొక్కి ఆ తేమ వెళ్ళగొట్టాలి. వానకోటు జాతి నైలానుకు నీరు నిలువకుండా పూత పూస్తారు. తామరాకు వంటి ఆ పూత జిగురును కూడా జార్చేస్తుంది.

కొన్నేళ్ళ కిందట కొల్లేటి ప్రాంతపు పాఠశాల నుండి వ్యాయామోపాధ్యాయిని ఒకామె పన్నెండు ఎర్రని నైలాను కోట్లు మూటగట్టుకొని బస్సులో వచ్చింది. ఆడపిల్లల కబడ్డీ జట్టు. ఆడేవారు ఏడుగురు, అదనంగా ఐదుగురు. కోట్లు ఎవరో దాత ఇచ్చినవి. సరిగ్గా పన్నెండే. “ఒక్కటి పాడైనా ఇంకొకటి తేలేనన్నయ్యగారూ” అన్నది. వీపున ఊరి పేరు, దాని కింద పిల్ల పేరు వేయాలి.

కోట్లకు చీటీ లేదు. అదృష్టవశాత్తు ప్రతి కోటుకూ మడిచి పెట్టుకొనేందుకు అదే గుడ్డతో కుట్టిన చిన్న సంచి ఉన్నది. సంచి అంచు నుండి పోగు లాగి వెలిగిస్తే కరిగి బొట్టై, చల్లారి బూడిదరంగు పూస అయింది; నైలానే. నీటిచుక్క వేస్తే ముత్యంలా దొర్లిపోయింది, పూత ఉన్నది. సంచుల మీదనే పరీక్షలు మొదలుపెట్టాను. మామూలు పొరను 130 డిగ్రీల వద్ద నొక్కితే గోటికే లేచివచ్చింది. వేడి 150కి పెంచితే సంచి సెగ తగిలిన అరటాకులా ముడుచుకొన్నది. మూడవ సంచిని స్పిరిట్‌తో తుడిచి, నైలాను కోసమే చేసిన జిగురుపొర పెట్టి, 130 వద్ద పన్నెండు సెకన్లు తేలికగా నొక్కి, పూర్తిగా చల్లారాక పైకాగితం ఒలిచాను. ఒక రోజు ఆగి, సబ్బునీళ్ళలో నానబెట్టి పిండి చూశాను. అక్షరం కదలలేదు.

ఆమె మళ్ళీ వచ్చినప్పుడు పేర్ల జాబితా ఇచ్చింది. పన్నెండవ పేరు ఒకసారి కొట్టివేసి, పక్కనే తిరిగి రాసి ఉన్నది. ఆ పిల్లను ఇకపై ఆటకు పంపనని తండ్రి కబురు చేశాడట; పెళ్ళి సంబంధం చూస్తున్నారట.

“అయితే ఆ కోటుకు ఊరి పేరు వేసి ఆపుదామమ్మా. నైలాను మీద పడిన అక్షరాన్ని పెరికితే మచ్చ మిగులుతుంది, పూత చెడుతుంది. రేపు మరో పిల్ల తొడుక్కోవలసి వస్తే?” అన్నాను.

“అందుకే వేయమంటున్నాను. పేరు పడితే ఇంకెవరూ తొడుక్కోలేరు. నేనది తీసుకొని వాళ్ళింటికి వెళతాను” అన్నది.

వ్యాపారి అంతకంటె మాట్లాడరాదు. ముందరి జిప్పు ఎత్తుపల్లాలు పైకి తెలియకుండా కోటు లోపల స్పాంజి పలక దూర్చి, పన్నెండూ ఒక్కొక్కటే నొక్కాను. చివరిదానికి పిడి దించేటప్పుడు చేయి కొంచెం తటపటాయించిన మాట నిజం. పన్నెండు సెకన్లు ఎంత పొడుగో ఆనాడు తెలిసింది. చన్నీళ్ళలో తిరగేసి ఉతకమని, అక్షరాల మీద ఇస్త్రీ పెట్టవద్దని చెప్పి పంపించాను.

మరుసటి ఏడాది దసరా తరువాత ఆమె ఒకే ఒక కోటు తెచ్చింది. పేరులో చివరి అక్షరం మూల కొద్దిగా లేచింది. తిప్పి చూశాను. అదే పేరు. కుడి భుజం దగ్గర గుడ్డ నిగారింపు పోయి నలిగి ఉన్నది. సామాన్ల సంచి పట్టీ రోజూ రాసుకొనే చోట అలా అవుతుంది. నేనేమీ అడగలేదు, ఆమె ఏమీ చెప్పలేదు. బస్సుకు వేళవుతున్నదని తొందరపడుతున్నది. టెఫ్లాను గుడ్డ కప్పి ఆ మూలను ఐదు సెకన్లు నొక్కాను, చల్లారేదాకా ఇద్దరమూ నిలబడ్డాము.