గడప దగ్గర సలాము

పరుల ఇంటికి వెళ్లినప్పుడు గడప బయటనే నిలిచి, సలాము చెప్పి, లోపలికి రావచ్చునా అని అడగవలెనని మాకు బాల్యంలోనే నేర్పారు. మూడుసార్లు అడిగినా బదులు రాకపోతే, నొచ్చుకొనక తిరిగి రావలెను. ఆ పాఠాన్ని మా కళాశాల కంప్యూటరు గదిలో మేము ఒకసారి మరచిపోయాము.

ఆ గదిలో విద్యార్థులందరూ ఒకే విండోస్ సర్వరు మీద పని చేస్తారు. తెర ఎవరిది వారిదే అయినా పని అంతా జరిగేది ఆ ఒక్క యంత్రంలోనే. ఒక్కొక్కరికి ఒక్కొక్క 'సెషన్' ఉంటుంది. పర్యవేక్షకుడు కుర్చీలో నుంచి కదలకుండానే ఏ సెషన్‌నైనా చూడగలడు. మౌసును, కీబోర్డును తానే నడపగలడు. ఇదే రిమోట్ కంట్రోల్. విండోస్ సర్వర్ 2012లో తొలగించిన ఈ సదుపాయాన్ని, 2013లో వెలువడిన 2012 ఆర్2లో తిరిగి చేర్చారు.

దీని హద్దులను గ్రూప్ పాలసీలో, రిమోట్ డెస్క్‌టాప్ సెషన్ హోస్ట్ కింద 'కనెక్షన్స్' అనుచోట నిర్ణయించవలెను. అక్కడ 5 మార్గాలు కలవు: అసలు అనుమతించకపోవుట, వాడేవారి సమ్మతితో పూర్తి అధికారం, సమ్మతి లేకయే పూర్తి అధికారం, సమ్మతితో చూచుట మాత్రమే, సమ్మతి లేకయే చూచుట మాత్రమే.

ప్రతిసారి అడుగుతూ కూర్చుంటే పని సాగదని, మూడవ మార్గమే మేలని సలహా ఇచ్చినవారము మేమే. ఒకనాటి మధ్యాహ్నం ఒక విద్యార్థిని తనకు ప్రింటు రావటం లేదన్నది. కొంతసేపటికి, ఆమెకు చెప్పకుండానే ఆమె సెషన్‌లోకి వెళ్లాము. తెర మీద ఆమె తండ్రికి రాసుకొంటున్న ఉత్తరం ఉన్నది. అందులోని విషయం ఇక్కడ రాయము. దానిని చదివే హక్కు మాకు అప్పుడూ లేదు. తన చేయి పడకుండానే మౌసు గుర్తు కదలటం చూచి ఆమె ఉలిక్కిపడి, కంప్యూటరు మూసివేసి వెళ్లిపోయింది. వారం రోజుల వరకు ఆ గదికి రాలేదు.

మరునాడే రెండవ మార్గానికి మార్పించాము. ఇప్పుడు పర్యవేక్షకుడు ప్రవేశం కోరగానే అవతలి తెర మీద ప్రశ్న కనబడుతుంది. 'యెస్' అన్న తరువాతనే లోపలికి దారి. ప్రశ్న అడగకుండా వెళ్లే ఆదేశాన్ని ఎవరైనా టైపు చేసినా సర్వరు నిరాకరిస్తుంది. పరీక్షల వేళ మాత్రం సమ్మతి అడగకుండా చూచే ఏర్పాటు ఉంచుతాము. ఆ సంగతి ముందుగానే బోర్డు మీద రాస్తాము.

కొన్నాళ్లకు ఆ విద్యార్థినికే మళ్లీ సాయం కావలసి వచ్చింది. మేము ప్రవేశం కోరాము. ఆమె 'నో' నొక్కింది. మేము మా పనిలో పడ్డాము. కొంతసేపటికి ఆమె తన కాగితాలేవో సర్దుకొని, మా బల్ల దగ్గరకు వచ్చి, "ఇప్పుడు చూడండి సార్" అన్నది.