ఇంటి చూరులో గబ్బిలాలు

పిల్లలూ! గబ్బిలాన్ని మీరంతా చూసే ఉంటారు. అది పక్షి కాదు. పిల్లల్ని కని, పాలిచ్చి పెంచే జంతువు. మన గోదావరి జిల్లాల్లో పెద్ద పెద్ద చెట్లకు గుంపులుగా వేలాడే పెద్ద గబ్బిలాలు పళ్ళు తింటాయి. అవి మన ఇళ్ళలో కాపురం పెట్టవు. ఇళ్ళలో దూరేవి బొటనవేలంత ఒళ్ళుగల చిన్నవి. వాటి తిండి పురుగులు.

చిన్నతనంలో నేను వేసవి సెలవులకు కోనసీమలో మా అమ్మమ్మగారి ఊరు వెళ్ళేవాణ్ణి. ఆమెది పెంకులు కప్పిన మండువా ఇల్లు. ఒక ఏడు వెనక వసారాలో రోజూ తెల్లవారేసరికి నల్లని పెంటికలు పడి ఉండేవి. ఎలకల పని అన్నారందరూ. అమ్మమ్మ ఒకదాన్ని పుల్లతో నొక్కింది. అది పొడిపొడి అయింది. ఆ పొడిలో పురుగుల రెక్కల ముక్కలు తళుక్కుమన్నాయి. "ఎలక పెంటిక ఇలా నలగదు. బల్లిదైతే కొసన తెల్లగా ఉంటుంది. ఇవి గబ్బిలాలవిరా!" అన్నది.

గబ్బిలాలను పట్టి ఇచ్చే గుర్తులు ఇంకా ఉన్నాయి. అవి దూరే సందు అంచున జిడ్డు మరక పడుతుంది. ఆ చోట ఘాటైన వాసన వేస్తుంది. పొద్దుగూకే వేళ చూరులోంచి కిచకిచలు వినిపిస్తాయి.

పొగ పెడదామన్నాడు మా మామయ్య. అమ్మమ్మ ఒప్పుకోలేదు. అవి ఎక్కణ్ణుంచి పోతున్నాయో ముందు చూడమన్నది. ఆ సాయంకాలం మేమంతా పెరట్లో కూచుని లెక్కపెట్టాం. గోడకూ చూరుకూ మధ్య, నా వేలు మాత్రమే పట్టే సందులోంచి ముప్ఫై ఏడు గబ్బిలాలు ఒకటొకటిగా ఎగిరిపోయాయి. తరవాత కూడా లోపల సన్నగా కిచకిచలు ఆగలేదు. అవి ఇంకా ఎగరలేని పిల్లలు!

"తల్లి బయటా పిల్ల లోపలా ఉండగా తలుపు మూస్తామా?" అన్నది అమ్మమ్మ.

మూస్తే పిల్లలు ఆకలితో చచ్చి, ఇల్లంతా కంపు కొడుతుంది. పొగ పెట్టినా అంతే. పెద్దవి బెదిరి గదుల్లోకి వస్తాయి. గబ్బిలం పిల్ల ఎగరటానికి నెలా, నెలన్నర పడుతుంది. అందాకా ఓపిక పట్టాలి.

మా సెలవులు అయిపోయాక మామయ్య ఉత్తరం రాశాడు. లోపలి కిచకిచలు ఆగాక, ఆ సందుకు దోమతెర గుడ్డ వేలాడదీశాడట. పైనా పక్కలా బిగించి, కింద వదులుగా వదిలాడు. గబ్బిలాలు గుడ్డ కిందుగా పాకి బయటికి పోయాయి; తిరిగి రావటానికి దారి దొరకలేదు. వారం ఆగి, లోపల ఏమీ లేవని చూసుకుని, సున్నంతో సందు పూడ్చాడు. ఒక్క గబ్బిలమూ చావలేదు.

ఈనాటి డాబా ఇళ్ళకూ ఇదే ఉపాయం. గవాక్షాలకు సన్నని జాలీ కొట్టించాలి. ఏ.సి. గొట్టం కోసం చేసిన కన్నం చుట్టూ సందు ఉంచకూడదు.

గబ్బిలాలను చంపితే నష్టం మనకే. స్పెయిన్ దేశంలో ఎబ్రో నది డెల్టాలో కూడా మన డెల్టాలోలాగే వరి పండుతుంది. అక్కడ చేల దగ్గర గబ్బిలాలకోసం చెక్కపెట్టెలు పెట్టారు. వాటిలో చేరిన గబ్బిలాలు, వరి కాండాన్ని తొలిచే పురుగులకు తల్లులైన రెక్కల పురుగుల్ని తిని, ఆ బెడద తగ్గించాయని 2015లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. కనక గబ్బిలం ఉండవలసిన చోటు చేను. మన పడకగది కాదు.

ఒక్క హెచ్చరిక. నేలమీద పడిన గబ్బిలాన్ని చేత్తో ముట్టకండి. కుక్క కాటువల్ల వచ్చే రేబిస్ జబ్బు గబ్బిలంవల్ల కూడా రావచ్చు. అది కరిచినా, గీరినా, ఆ చోటును పావుగంట సేపు సబ్బుతో కడిగి, వెంటనే డాక్టరు దగ్గిరికి వెళ్ళాలి. గాయం చిన్నదని దాచకూడదు. గబ్బిలాల పెంట పొడిగా ఉండగా ఊడిస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. పెద్దవాళ్ళు ముక్కుకు గుడ్డ కట్టుకుని, నీళ్ళు చల్లి ఎత్తాలి. గబ్బిలం కొరికిన పండు తినవద్దు.

ఇవాళ దీపాలు పెట్టే వేళకు మీ అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని, మీ ఇంటి చూరుకేసి ఒక్క పావుగంట చూడండి. ఏదైనా సందులోంచి గబ్బిలం ఎగిరితే ఆ సందును గుర్తుపెట్టుకోండి. అవి పోయాక లోపల కిచకిచలు వినిపిస్తున్నాయేమో చెవి ఒగ్గి వినండి. వినిపిస్తే మటుకు, ఆ పిల్లలకు రెక్కలు వచ్చేదాకా ఆ సందు ఎవరూ మూయకుండా చూసే పూచీ మీదే!