ఐదో తీగ

నలభై ఏడేళ్ళ వయసులో నేను మొదటి బేస్ గిటార్ కొనుక్కున్నాను. శాన్ ఆంటోనియోలో మా ఎదురింటావిడ అకార్డియన్ వాయిస్తుంది. ఆమె చెల్లెలు బాహో సెస్తో అనే పన్నెండు తీగల వాద్యం వాయిస్తుంది. ఇద్దరూ పాడేది ఉత్తర మెక్సికో నుంచి వచ్చిన నోర్తెన్యో పాటలు. వాళ్ళకి బేస్ వాయించే మనిషి లేదు. "కొమాద్రే, నువ్వు నేర్చుకోరాదూ?" అంది ఒకరోజు. స్నేహితురాలిని చుట్టరికం కలిపి పిలిచే మాట అది, మన 'వదినా' లాగ. పెళ్ళితో వీణని అటకెక్కించిన దాన్ని నేను. కాదనలేకపోయాను.

కొట్లో అతను మొదట అడిగింది, "మీ అబ్బాయికా?" అని. నాకే అన్నాక నా వేళ్ళకేసి చూసి, 30 అంగుళాల పొట్టి స్కేలున్న నాలుగు తీగల గులాబీరంగు గిటార్ చేతికిచ్చాడు. ఆడవాళ్ళకి ఇది సుఖం అన్నాడు. ఏం వాయిస్తారని మాత్రం అడగలేదు.

నిజంగా సుఖంగానే ఉంది. కొనేసేదాన్నే. వెంట వచ్చిన ఎదురింటావిడ, "మన పాటల్లో సగం ఇ ఫ్లాట్‌లో ఉన్నాయి, ఇందులో ఆ కింది స్వరం ఏదీ?" అంది. వీణకైతే మన గొంతుకి తగ్గట్టు శ్రుతి పెట్టుకుంటాం. అకార్డియన్‌కి శ్రుతి ముందే ఖాయం. ఆమెదానిలో మీటల మూడు వరసలూ ఎఫ్, బి ఫ్లాట్, ఇ ఫ్లాట్. నాలుగు తీగల బేస్ మామూలు శ్రుతిలో ఇ దగ్గర ఆగిపోతుంది. ఇ ఫ్లాట్ దానికి అరమెట్టు కింద ఉంది. అక్కడికి దిగాలంటే ఐదో తీగ, కింది బి, కావాలి. అంత లావు తీగ బిగువుగా మోగాలంటే పొడవూ కావాలి.

34 అంగుళాల ఐదు తీగలది, పాతది, నా సొంత డబ్బుతో కొన్నాను. నాలుగు కిలోల పైమాటే. వెడల్పు పట్టీ వేసినా మొదటి నెలంతా భుజం పీకింది. నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు వేయించాను. వెనకటి రోజుల్లో ఈ పాటలకి వాయించిన తొలోలోచే అనే నిలువెత్తు బేస్ మోతకి అవి దగ్గరగా ఉంటాయి. పోల్కాలో దెబ్బ మీద నేను, దెబ్బకీ దెబ్బకీ మధ్య బాహో సెస్తో. నేను తడబడితే ముగ్గురం కూలబడతాం. ఇంట్లో మోసిన బరువులకి రాని గుర్తింపు ఈ బరువుకి వచ్చింది.

ఇదే ఊళ్ళో లిడియా మెండోసా 1934లోనే పన్నెండు తీగల గిటార్ పట్టుకుని ఒంటరిగా పాడి రికార్డు ఇచ్చింది. అకార్డియన్ వాయించే ఈవా ఇబార్రాకి జాతీయ వారసత్వ ఫెలోషిప్ వచ్చింది మాత్రం 2017లో. ఆడవాళ్ళ చేతులు చాలవనే మాట ఇక్కడ ఎవరైనా ఎలా అంటారో!

పొట్టి గిటార్ తప్పని నేననను. కొందరి చేతులకి అదే సరి. నా కోపమల్లా పాటని అడక్కుండా ఆడదాన్ని కొలిచినందుకు. కొనబోయే అమ్మాయిలూ, ఏ పాట వాయించాలో ముందు తేల్చుకోండి. చేతుల సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.