ఏరియల్ కడ్డీకి చుట్టిన తీగ

కామర్సు చదివి ముప్ఫై ఏళ్లుగా బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి. కారంటే నాకు కొటేషను, మార్జిను సొమ్ము, నెలసరి వాయిదా. ప్రతి ఖర్చుకూ ఎదురుగా ఒక ప్రయోజనం కనబడాలనేది మా వృత్తి నేర్పిన అలవాటు. అందుకే కార్లమీద కనిపించే చిన్నచిన్న గాట్లు, అంచులు, రెక్కలు చూసినప్పుడల్లా ఇవి అందానికా, పనికా అనిపించేది.

పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారొకరు మా హోసూరు శాఖలో ఖాతాదారు. నా సందేహం విని, రేడియో ఏరియల్ కడ్డీని చూడమన్నారు. చాలా కార్లలో దాని చుట్టూ మరచుట్టులా సన్నని తీగ ఉంటుంది. నున్నని గుండ్రటి కడ్డీని గాలి దాటుతున్నప్పుడు వెనక ఒకసారి కుడిపక్క, ఒకసారి ఎడమపక్క సుడులు పుడతాయి. కడ్డీ పొడవునా అవి ఒకే తాళంలో విడివడితే కడ్డీ వణుకుతుంది, ఈల వేస్తుంది. ఆ తీగ చుట్టు తాళం తప్పిస్తుంది. ఫ్యాక్టరీల ఇనుప పొగగొట్టాల పైభాగాన చుట్టిన పట్టీలదీ ఇదే పని. 1950లలో బ్రిటన్‌లోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో క్రిస్టఫర్ స్క్రూటన్, ఆయన సహచరులు ఆ ఉపాయం రూపొందించారు. కారులో అది చెవికి సుఖం, పొగగొట్టానికి ప్రాణరక్షణ.

డిక్కీ చివరి అంచు సంగతి ఇంకా గట్టిది. వాలుగా దిగే పైకప్పు మీదుగా జారే గాలి కారు వెనకభాగాన్ని పైకి లాగుతుంది. టైర్ల పట్టు సడలుతుంది. 1998లో వచ్చిన ఆడి టీటీ కారు వెనకభాగం నున్నగా, గుండ్రంగా ఉండేది. జర్మనీ రహదారులపై అతివేగంలో అది అదుపు తప్పి కొందరు చనిపోయారు. కంపెనీ ఆ కార్లను వెనక్కి పిలిపించి డిక్కీపై చిన్న అంచు బిగించింది; సస్పెన్షన్‌లో మార్పులు చేసి, అదుపు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటునూ చేర్చింది.

గాలి బలం వేగంతో సమానంగా పెరగదు. గంటకు 40 కిలోమీటర్ల నుంచి 80కి వెళితే నాలుగింతలు, 120కి వెళితే తొమ్మిదింతలు అవుతుంది. కనుక బజారు రద్దీలో ఆ అంచు కుర్చీలో కునికే గుమాస్తా లాంటిది.

ఈ మధ్య మా మేనల్లుడు సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాడు. మార్జిను కోసం మా చెల్లెలు గాజులు తాకట్టు పెట్టింది. టైర్లు అరిగి ఉన్నాయి. వాడి మనసు మాత్రం 18,000 రూపాయల పెద్ద రెక్కమీద ఉంది.

“ఏరియల్ తీగ పనిచేస్తే ఇదెందుకు పనిచేయదు మామా?” అన్నాడు.

న్యాయమైన ప్రశ్నే. “ఆ తీగ ఆ కడ్డీకి తగ్గట్టు చుట్టినదిరా. కంపెనీవాళ్లు డిక్కీ అంచును గాలి సొరంగంలో ఆ కారుకే కొలిచి పెడతారు. ఈ రెక్కను నీ కారుమీద ఎవరు కొలిచారు? గాలికి అడ్డుపడి పెట్రోలు ఎక్కువ తాగించినా తాగించవచ్చు. నీకు కావలసింది పట్టు అయితే ముందు టైర్లు మార్చు” అన్నాను.

రెండు రోజులు ముఖం ముడుచుకున్నాడు. మూడోనాడు టైర్ల బిల్లు తెచ్చి నా బల్లమీద పెట్టాడు.

మన ఇళ్లలో పిల్లలు కారుకు తోకలూ రెక్కలూ అడిగితే కసరకండి. అది చేసే పనేమిటో, ఏ వేగంలో చేస్తుందో, ఎవరు కొలిచి చూశారో అడగండి. జవాబు దొరికితే అది తీగముక్కయినా విలువైనదే. దొరకకపోతే ఆ డబ్బుతో ముందు తాకట్టు విడిపించండి.