మండ్రగబ్బకు పురుడు

కుక్కను పెంచుకునేవాళ్ళున్నారు, చిలకను పెంచుకునేవాళ్ళున్నారు. మా ఆడపడుచు కొడుకు మాత్రం తేలును పెంచుతానన్నాడు. అదీ హనుమంతునిపాడులో! ఇక్కడ తేళ్ళను ఒకరు పెంచనక్కరలేదు లెండి. రాళ్ళ నేల, ఎండిన గట్లు, పిడకల గూళ్ళు. తొలకరి చినుకు పడిందంటే అవే ఇంట్లోకొచ్చి పలకరిస్తాయి. పక్క దులపకుండా పడుకునేవాళ్ళు మా ఊళ్ళో ఉండరు.

తిరుపతిలో జంతుశాస్త్రం చదువుతున్న ఆ కుర్రాడు సెలవులకొచ్చి, మృగశిర కార్తెలో చేనుగట్టు రాతికింద ఒక మండ్రగబ్బను పట్టాడు. నేరేడుపండులా నిగనిగలాడుతూ అరచేతి పొడవుంది.

"కడుపుతో ఉందత్తయ్యా, పక్కలెలా ఉబ్బాయో చూడు" అన్నాడు.

శ్రీవారు పేపరు వెనకనుంచే "తేలుకు పెత్తనమిస్తే ఏం చేసిందో తెలుసుగా" అన్నారు. వింటేగా! పాత ప్లాస్టిక్ డబ్బాలో మన్ను, కొబ్బరిపొట్టు కలిపి పోశాడు. దాక్కోడానికో కుండపెంకు బోర్లించాడు. సీసామూతలో నీళ్ళు, రెండుమూడు రోజులకో కీచురాయి. మూతకు సన్న చిల్లులు పెట్టి పెరటి వసారాలో ఉంచాడు. ఆ మూత తీసే అధికారం వాడొక్కడిదే.

మండ్రగబ్బ కుడితే మంటా వాపూనే గానీ, ఎర్రతేలంత ప్రమాదం లేదట. ఎర్రతేలు విషం గుండెనే పట్టుకుంటుంది. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో ప్రాజోసిన్ అనే రక్తపోటు మందుతో ఆ కాటుకు వైద్యం చేసి ఎన్నో ప్రాణాలు నిలబెట్టారు. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. కాబట్టి చింతగింజ అరగదీసి అంటించుకుని కూర్చోకండి, ఆస్పత్రికి పరుగెత్తండి.

మా అత్తగారు మాత్రం కాటు గురించి కాదు, కాన్పు గురించి బెంగపెట్టుకున్నారు.

"పాపంరా, వదిలెయ్యి. పిల్లలు వీపు చీల్చుకుని పుడతాయి. తల్లి చస్తది" అన్నారు.

ఈ మాట మనవైపు అందరూ అనేదే. కానీ ఆవిడ నోట వింటే నాకు మనసు చివుక్కుమంది. ఆవిడ పుట్టిన మూడోనాడే తల్లి పోయింది. మేనమామ ఇంట పెరిగారు. అన్నం దగ్గరా, బావి దగ్గరా, ఆఖరికి పెళ్ళిచూపుల నాడు కూడా "తల్లిని తిన్న తేలుపిల్ల" అనే మాట పడ్డారు. ఆ సంగతి నాకు కాపురానికొచ్చిన పదేళ్ళకు గానీ చెప్పలేదు, అదీ చింతపండు గింజ తీస్తూ, తలెత్తకుండా.

కుర్రాడికి ఇవేం తెలియవు. వాడి పాఠం వాడు చెప్పుకుపోయాడు. తేలు గుడ్లు పెట్టదట. మండ్రగబ్బ కడుపులో ఒక్కో పిల్లకు ఒక్కో సంచి. ఇంచుమించు ఏడాది మోస్తుంది. తల్లినుంచి సన్నని గొట్టంలాంటిది పిల్ల నోటికి అందుతుంది.

"బొడ్డుతాడన్నమాట" అన్నాను.

"అంతే! కాకపోతే బొడ్డుకు కాదు, నోటికి."

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆచార్య కె. పంపాపతిరావుగారు 1960లలోనే ఇలాంటి నల్లతేళ్ళ నాడుల మీద పరిశోధనలు చేశారని కూడా గొప్పగా చెప్పాడు. వాళ్ళ కాలేజీ గొప్ప వాడిది!

పదోరోజు రాత్రి పురుడొచ్చింది. తల్లి ముందుకాళ్ళు మడిచి ఒడి పట్టింది. పిల్లలు ఒక్కొక్కటే అందులోకి జారి, కాళ్ళమీదుగా వీపెక్కాయి. నానిన బియ్యపుగింజల్లా తెల్లగా, పద్దెనిమిది! అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. దగ్గరికి రారు.

"తల్లి ఉందా?" అన్నారు.

"చూడమ్మమ్మా, తోకెత్తి నన్నే బెదిరిస్తోంది!"

అప్పుడొచ్చి పీట వేసుకున్నారు.

దొంగనోట్లు పట్టే ఊదారంగు లైటు వేసి చూపించాడు. తల్లి పచ్చగా, నీలంగా మెరిసిపోయింది. పిల్లలు మెరవలేదు. తొలి కుబుసం విడిచాకే ఆ మెరుపట. అప్పటిదాకా అవి తినవు, తాగవు. తల్లిని గానీ బెదరగొడితే తన పిల్లల్ని తానే తినేయొచ్చన్నాడు. ఇక చూడండి, వసారాకు అత్తగారే కాపలా! డబ్బామీద నల్లగుడ్డ కప్పి, చూడవచ్చిన ఇరుగుపొరుగుల్ని "బాలింతను చూడ్డానికి ఇట్టా గుంపుగా వస్తారా? పొండి పొండి" అని తరిమారు.

పిల్లలు వీపు చీల్చుకొస్తాయన్న మాట ఎలా పుట్టిందా అని ఆ రోజుల్లో ఆలోచించాను. పిల్లలతో ఉన్న తేలు కనబడితే మనం చెప్పుతో కొడతాం. వీపుమీది తెల్లపిల్లలు చెదిరిపోతాయి. తల్లి చచ్చి పడుంటుంది. చంపింది చెప్పు, నింద పిల్లలకి. ఏమంటారు?

రెండువారాలకు పిల్లలు కుబుసం విడిచి, రంగు తేలి, వీపు దిగాయి. ఆకలేస్తే ఒకదాన్నొకటి తింటాయని ఒక్కోదాన్నీ ఒక్కో చిన్నడబ్బాలో వేసి, కీచురాయి కాళ్ళు తుంచి పెట్టాడు. మా ఇంట్లో ఊరగాయ పోసుకోడానికి డబ్బా మిగల్లేదు. సెలవులయ్యాక రెండు పిల్లల్ని తనతో పట్టుకెళ్ళాడు. తల్లినీ మిగతావాటినీ చేనుగట్టు రాళ్ళకింద వదిలొచ్చాడు. అత్తగారు కర్ర పట్టుకుని వాడి వెంట నడిచారు.

మొన్న మేనమామగారి వైపునుంచి ఎవరో వచ్చారు. కాఫీ తాగుతూ, పురిట్లో తల్లిని పోగొట్టుకున్న ఒక పసిదాని గురించి, "తేలుపిల్ల పుట్టుక పుట్టింది, తల్లిని తిన్నది" అన్నారావిడ. నేను అత్తగారి వైపు చూడలేకపోయాను.

ఆవిడ గ్లాసు కింద పెట్టారు.

"తేలు పిల్లల్ని కంటే చావదు వదినా. నేను దగ్గరుండి చూశా. పద్దెనిమిదిని కన్నది, వీపున మోసింది, అవి దిగినాక కీచురాయి తిన్నది. ఇంకా మా చేలోనే ఉంది. కావాలంటే పద, చూపిస్తా."